చింతచెట్టు ఎవరి ఊరిది?

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అనే ఊరుంది. తొలకరి పడేసరికి ఆ ఊరి చింతచెట్ల మీద కొంగలు గుంపులు గుంపులుగా దిగుతాయి. గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని సాకి, చలికాలంలో వెళ్ళిపోతాయి. దానికి దక్షిణంగా టెక్కలి మండలంలో తేలినీలాపురం ఉంది. అక్కడికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. వానలు వెనకబట్టే వేళకు దిగి, ఎండలు ముదిరేదాకా ఉంటాయి. ఈ రెండు ఊళ్ళలోనూ పక్షులు గూళ్ళు కట్టేది అడవిలో కాదు, ఇళ్ళ మధ్య. ఊరివాళ్ళు వాటిని కొట్టరు, ఎవరినీ కొట్టనివ్వరు. వాటి గురించి మనం ఏటా చదివే మాట మాత్రం ఒక్కటే: సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన విదేశీ అతిథులు అని.

ఈ మాటను ఒకసారి నిదానంగా పరీక్షించి చూద్దాం. తేలుకుంచికి వచ్చే కొంగను ఓపెన్‌బిల్ స్టార్క్ అంటారు. దాని ముక్కు మూసినా పూర్తిగా మూసుకోదు, మధ్యలో సందు కనిపిస్తూనే ఉంటుంది. ఈ కొంగ ఉండేది భారత ఉపఖండంలోనూ, దానికి తూర్పున థాయ్‌లాండ్, కంబోడియా వైపూ. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ కూడా ఈ వేడి నేలల పక్షులే. సైబీరియాలో వీటి గూడు ఉండదు. పుస్తకం తెరవకుండానే ఈ సంగతి తేల్చుకోవచ్చు. చలిదేశాల నుంచి వచ్చే బాతులు ఇక్కడ శీతాకాలం గడిపి, ఎండలు రాగానే తిరిగి వెళ్ళి తమ చోటనే గుడ్లు పెడతాయి. నౌపడ ఉప్పు మడుల్లోనూ తంపర నేలల్లోనూ చలికాలం కనిపించే బాతుల్లో, ఉల్లంకి పిట్టల్లో అలాంటివి ఉన్నాయి. కానీ ఇక్కడే జతకట్టి, ఇక్కడే పొదిగి, రెక్కలొచ్చేదాకా పిల్లను ఇక్కడే సాకే పక్షికి ఇది పుట్టిల్లు. పుట్టింటికి వచ్చినదాన్ని అతిథి అని ఎలా అంటాం?

అలాగని అవి ఊరు దాటవని కాదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కాలికి ఉంగరం తొడిగి వదిలిన ఓపెన్‌బిల్ కొంగ ఒకటి 800 కిలోమీటర్లు తూర్పున దొరికింది. థాయ్‌లాండ్‌లో ఉంగరం తొడిగినది 1500 కిలోమీటర్లు పడమరకు వచ్చి బంగ్లాదేశ్‌లో దొరికింది. నీళ్ళూ నత్తలూ ఎక్కడుంటే అక్కడికి పోతాయి, గూటి వేళకు తిరిగి వస్తాయి. మన జిల్లాల నుంచి పనికోసం వలసపోయి పండగకు ఊరు చేరే కుటుంబాలను మనం విదేశీయులు అనడం లేదు కదా.

ఇక చెట్టు సంగతి. పక్షులు బయటివనీ, అవి వాలిన చింతచెట్టు మనదనీ మనం గట్టిగా నమ్ముతాం. పులుసులో, చారులో, ఉప్పుతో కలిపి దంచిన చింతకాయ తొక్కులో ఉన్న చెట్టు మనది కాకపోతే ఇంకేది మనది? కానీ వృక్షశాస్త్రం చెప్పేది వేరు. చింత జాతికి మూలం ఆఫ్రికా. ఎవరు తెచ్చారో, ఏ దారిన వచ్చిందో తెలియనంత పాతకాలంలో ఈ నేలకు వచ్చింది. అంటే మనం చెప్పుకుంటున్న కథ రెండు వైపులా తారుమారైంది. అతిథి అనుకున్న పక్షి ఇంటిది, ఇంటిది అనుకున్న చెట్టు ఎప్పుడో వచ్చి చేరినది.

ఇది తెలిసి ఏం చేయాలి? ఇక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. సైబీరియా కథ అబద్ధమైనా అది మేలు చేసిందని ఒకరు వాదించవచ్చు. అంత దూరం నుంచి మనల్ని నమ్మి వచ్చిన ప్రాణి అనుకోవడం వల్లనే పిల్లవాడి చేతిలోని రాయి కిందపడింది, నిజం చెప్పి ఆ దయను పలుచన చేయడమెందుకు అని. వాదం తేలికైనది కాదు. మనిషి చేసే మంచిలో ఎంతో భాగం సగం తెలిసిన కథల మీద నిలబడి ఉంది. అయినా ఈ వాదాన్ని మనం పూర్తిగా ఒప్పుకోలేం. అతిథి మీద చూపే దయకు గడువు ఉంటుంది. నాలుగు రోజులు అన్నం పెడతాం, వీడ్కోలు చెబుతాం, తర్వాత ఆ గది మన పనికి వాడుకుంటాం. కొంగలు వెళ్ళిపోయిన నెలల్లో ఆ చెట్టు కొమ్మ నరికినా, అవి మేసే చెరువు కప్పెట్టినా అతిథి మర్యాదకు భంగం రాదు, ఎందుకంటే అతిథి ఇంట్లో లేడు. ఇల్లు వాళ్ళదే అనుకుంటే లెక్క మారుతుంది. లేనప్పుడు కూడా వాళ్ళ వాటా వాళ్ళదే. కాబట్టి నిజం దయను పలుచన చేయదు, ఏడాది పొడుగునా దాన్ని అడుగుతుంది.

వాన గురించిన నమ్మకం ఇంకా లోతైనది. కొంగలు వస్తే వానలు పడతాయి, పంట పండుతుంది, రాకపోతే ఆ ఏడు కరువే అని ఈ ఊళ్ళలో పెద్దలు చెబుతారు. దీన్ని మూఢనమ్మకం అని తోసిపుచ్చడం తొందరపాటు. వాళ్ళు ఏళ్ళ తరబడి కళ్ళారా చూసి చెబుతున్న మాట అది, చూసినది నిజమే. కారణాన్ని మాత్రం అటునుంచి ఇటు పట్టారు. కొంగ వాన తేవడం లేదు, వానే కొంగను తెస్తోంది. వాన పడితే మడి నిండుతుంది, మడిలో నత్తలు పెరుగుతాయి, నత్తలుంటేనే పిల్లల్ని పెంచగలనని ఆ పక్షి ఒంటికి తెలుసు. ఊడ్పులైన మడిలో దాన్ని దగ్గరగా చూసినవాళ్ళకు ఇది అర్థమవుతుంది. అది తల సగం నీళ్ళలో ముంచి, ముక్కుతో బురద తడుముతూ నెమ్మదిగా నడుస్తుంది. గుల్ల తగిలితే నీళ్ళలోనే పై ముక్కుతో అదిమిపట్టి, కింది ముక్కు కొనను మూత సందులోంచి దూర్చి, లోపలి కండను తెంచి బయటికి లాగుతుంది. చాలాసార్లు గుల్ల పగలను కూడా పగలదు. 19వ శతాబ్దంలో జెర్డాన్ అనే పక్షి పరిశీలకుడు, ఈ కొంగ కళ్ళకు గంతలు కట్టినా నత్తను పట్టగలదని రాశాడు. అంత నేర్పు చెరువులోనూ మడిలోనూ తరతరాలుగా కుదిరినది. కాబట్టి పెద్దల మాటను కాస్త తిరగరాస్తే చాలు. కొంగ రాలేదంటే కరువు రాబోతోందని కాదు, నీటికో మడికో ఏదో అయిందని. నమ్మకం అలా ఒక హెచ్చరికగా మారుతుంది, దాని విలువ తగ్గదు.

చెట్లు పెంచమని చెప్పేటప్పుడు 'స్థానిక జాతి' అనే మాట ఈమధ్య తరచుగా వాడుతున్నాం. చింతను చూశాక ఆ మాటనూ పరీక్షించక తప్పదు. ఒక చెట్టు ఒక నేలకు చెందడమంటే ఏమిటి? అక్కడ పుట్టడమా, అక్కడి వాటితో చుట్టరికం కలుపుకోవడమా? మన గెడ్డల ఒడ్డున పెరిగే మేడిచెట్టును తీసుకుందాం. మేడిపండు పొట్టలో పురుగులుంటాయని దాన్ని పైకి ఒకటి లోపల ఒకటిగా ఉండే మనుషులకు గుర్తుగా చెప్పుకుంటూ వచ్చాం. చెట్టు వైపు నుంచి చూస్తే ఆ పురుగే దాని వంశం. గుండుసూది తలంత కందిరీగ ఒకటి కాయ కొసనున్న సన్నని రంధ్రంలోంచి లోపలికి దూరుతుంది. ఆ ఇరుకులో దాని రెక్కలు ఊడిపోతాయి. మళ్ళీ బయటికి రాదు. వేరే మేడి నుంచి మోసుకొచ్చిన పుప్పొడి లోపలి పూలకు అంటించి, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. ఆ కందిరీగ లేని దేశానికి మేడిమొక్కను తీసుకెళ్ళి నాటితే చెట్టు ఏపుగా పెరగవచ్చు గానీ మొలకెత్తే విత్తనం పట్టదు. నీరూ మట్టీ సరిపోతే చెట్టు బతుకుతుంది, చుట్టరికం లేకపోతే వంశం నిలవదు. మేడి, జువ్వి, మర్రి, రావి ఇవన్నీ అలాంటివే. కాయలు ఒకే రుతువులో కాసి ఊరుకోవు కాబట్టి, మిగతా చెట్లు ఖాళీగా ఉన్న నెలల్లో కోకిలకూ బుల్‌బుల్‌కూ గబ్బిలానికీ అన్నం ఈ చెట్లదే.

ఇలా చూస్తే స్థానికత పుట్టుక ఒక్కటే కాదనిపిస్తుంది. కొంత పుట్టుక, కొంత కాలం, ఎక్కువ భాగం పెట్టుపోతలు. చింత వేల ఏళ్ళలో ఆ పెట్టుపోతలు నేర్చుకుంది. తీరం పొడవునా మనం వరసలుగా నాటిన సరుగుడు ఇంకా నేర్చుకోలేదు. అది ఈ తీరానికి కొత్త, ఒకేసారి నాటి ఒకేసారి నరికే పంట కనుక గూటికి సమయమూ ఇవ్వదు. సరుగుడు వేసుకున్న రైతును తప్పుపట్టడం మన పని కాదు, అది ఎన్నో కుటుంబాలకు కూడు పెడుతోంది. సరుగుడు తోపును అడవి అని పిలవకుండా ఉంటే చాలు. జీడిమామిడి విషయం ఇంకా చిక్కుది. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళతో వచ్చిన ఆ చెట్టు పలాసకు పేరు తెచ్చింది, చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతానికి బతుకునిచ్చింది. దాని పండుకు ఎలుగుబంటి కూడా అలవాటు పడింది. తోటల్లో ఎలుగుల దాడికి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పెట్టుపోతలన్నీ ముచ్చటగా ఉండవు. జీవాలకు చోటిచ్చే చెట్టు అని సులువుగా అంటాం, ఆ జీవం మన వాకిట్లోకి వచ్చినప్పుడు దాని బరువు తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చెట్ల గురించి మాట్లాడుతూ స్థానికం, పరాయి అనే మాటలకు అలవాటుపడితే, అవే మాటలు మనుషుల మీదికి తేలికగా జారుతాయి. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళతారు. మన కూలీలు విశాఖలో, హైదరాబాద్‌లో, చెన్నైలో ఇళ్ళు కడతారు. పుట్టిన చోటును బట్టి హక్కు తేల్చే తర్కం మొదట దెబ్బ కొట్టేది వాళ్ళనే. మొక్క విషయంలో కొత్త జాతి పాతవాటిని తొక్కేస్తుందా అని అడగడం సబబు, అది కొలిచి చూడగల ప్రశ్న. మనిషి విషయంలో అదే ప్రశ్న వేయడం అన్యాయం, ఎందుకంటే మనిషి మాట ఇవ్వగలడు, మాట వినగలడు, ఒప్పందానికి రాగలడు. ఈ తేడాను చెరపని ప్రకృతి ప్రేమే మనకు కావాలి.

ఇప్పుడు ఊరివాళ్ళ దగ్గరికి వద్దాం. దూరం నుంచి చూసేవాళ్ళకు పక్షుల ఊరు అందమైన బొమ్మ. చెట్టు కింద ఇల్లున్నవాళ్ళకు అది నెలల తరబడి ముక్కు మూసుకునే వాసన. ఆకుల మీద, పెంకుల మీద, ఆరేసిన బట్టల మీద తెల్లటి రెట్ట పడుతుంది. గూటిలోంచి జారిన చేపలు కింద కుళ్ళుతాయి. గూళ్ళున్న చింతచెట్టు కాయలు దులపడానికి మనసొప్పదు, ఆ ఏటి చింతపండు డబ్బు పోయినట్టే. దీన్నంతా వాళ్ళు భరిస్తున్నారని మనం మెచ్చుకుంటాం. కానీ మెచ్చుకోలుతో సరిపెట్టుకోవడం న్యాయమేనా? ఒకరి మంచితనం వల్ల అందరికీ మేలు జరుగుతున్నప్పుడు, దాని ఖర్చు ఆ ఒక్కరే మోయడం ధర్మం ఎలా అవుతుంది? కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అనే ఊళ్ళో కూడా గూడబాతులు చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. అక్కడ అటవీశాఖ చెట్టు యజమానులకు పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టింది. డబ్బు తీసుకుంటే దయ దయ కాకుండా పోతుందని కొందరికి అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. పేదవాడి దయను ఉచితంగా వాడుకునే సమాజం, ఆ దయను గౌరవించినట్టు కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ తోటలకు తోటలే నేలకూలాయి, ఊళ్ళలో తరాల నాటి చెట్లు వేళ్ళతో సహా పెళ్ళగిలాయి. కొబ్బరి మొక్కలు మళ్ళీ నాటుకున్నారు, ఎందుకంటే ఆరేడేళ్ళకు కాపు చూడవచ్చు. పడిపోయిన చింతకు బదులు చింత నాటడానికి చెయ్యి ముందుకు రాదు. కొంగల గుంపు నిలిచేంత కొమ్మ సాగడానికి ఒక మనిషి నడివయసంత కాలం పడుతుంది. నాటినవాడు దాన్ని చూడకపోవచ్చు. మంచి బతుకు అంటే ఏమిటనే ప్రశ్న ఇంత సూటిగా ఎదురయ్యే చోట్లు తక్కువ. ఫలితం తనకు అందని పనిని మనిషి ఎందుకు చేయాలి? పరలోక పుణ్యం నమ్మేవాళ్ళకు జవాబు సిద్ధంగా ఉంది. వాళ్ళ జవాబు చెట్లు నాటించింది కూడా, ఊరమ్మ గుడి దగ్గర రావీ వేపా నిలిచాయంటే ఆ భక్తి వల్లే. కాకపోతే గుడి దగ్గరి వేపను కాపాడిన భక్తి గెడ్డ ఒడ్డున దేవుడు లేని మద్దిచెట్టును కాపాడలేదు. పుణ్యం మాట ఎత్తకుండా కూడా జవాబు దొరుకుతుందా అని వెతకాలి. దొరుకుతుందనే అనుకుంటున్నాను. మనం తింటున్న చింతపండు మనం నాటిన చెట్టుది కాదు. ఆ నాటినవాళ్ళ పేర్లు మనకు తెలియవు, వాళ్ళకు మన పేర్లు తెలిసే దారే లేదు. ఆ బాకీ వెనక్కి తీర్చలేం, ముందుకు మాత్రమే తీర్చగలం.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. కొల్లేరు సరస్సులోని ఆటపాకలో చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. గూడబాతులు వాటిమీద గూళ్ళు కట్టాయి, పిల్లల్ని పెంచాయి. పక్షికి ఇనుము చాలినప్పుడు నలభై ఏళ్ళు చెట్టుకోసం ఎదురుచూడటం మన భావుకతే కదా అని అడగవచ్చు. ఆపదలో ఇనుప స్టాండు మేలే, ఒక తరం పిల్లల్ని అది దక్కించింది. అయితే స్టాండు ఒక్క పనే చేస్తుంది. దాని బెరడు కింద చీమ లేదు, తొర్రలో గుడ్లగూబ లేదు, రాత్రి గబ్బిలం రాదు, మధ్యాహ్నం దాని నీడన పశువు నిలవదు. మనకు కనిపించే ఒక్క అవసరాన్ని తీర్చి, కనిపించని వంద అవసరాలను లెక్కలోంచి తీసేయడం బుద్ధికి అలవాటైన పొరపాటు. బుద్ధిని నమ్ముకున్నవాళ్ళే దాన్ని ముందుగా గుర్తుపట్టాలి.

విజయనగరంలో జీవించిన గురజాడ 1910లో 'దేశభక్తి' గీతం రాస్తూ దేశాన్ని నేలలో కాక మనుషుల్లో చూడమన్నారు. మనిషిని కేంద్రంగా పెట్టుకున్న ఆలోచనకు ఈ ప్రాంతంలో అంతకంటే పెద్ద ఆధారం లేదు. ఆ ఆలోచనలో కొంగకూ చింతకూ చోటెక్కడ? మనిషికి పనికొస్తాయి కాబట్టి అనేది ఒక జవాబు. నత్తల్ని తిని రైతుకు సాయపడుతుంది, రెట్ట ఎరువవుతుంది. ఈ జవాబు నిజమే, కానీ సరిపోదు. రేపు ఆ పక్షి ఏ పనికీ రాదని తేలితే కొట్టి చంపవచ్చా? తేలుకుంచిలో ఏ పెద్దాయనను అడిగినా వద్దనే అంటాడనుకుంటాను, లాభం లెక్క వేసి మాత్రం కాదు. ఎదుటి ప్రాణి బాధ బాధేనని గుర్తించే శక్తి మనిషికి ఉంది. ఆ శక్తిని సాటి మనిషి దగ్గరే ఆపమని మానవత్వం మనల్ని అడగదు. ఎక్కడిదాకా చాచాలన్నది మాత్రం తేలని ప్రశ్నే. ఎలుగు దాడిలో మనిషిని పోగొట్టుకున్న ఇంటి ముందు నిలబడి దాన్ని సులువుగా తేల్చేవాడి మాటను నేను నమ్మను.

ఈలోగా నాటవలసినవి ఏవో కొంతవరకు తెలుసు. చెరువు గర్భంలో నీళ్ళు నెలల తరబడి నిలిచే చోట కడప చెట్టు వేయవచ్చు. నెల్లూరు వైపు నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టేది నీళ్ళలో నిలిచే ఆ చెట్ల మీదే. వాగుల ఒడ్డున కోత పడే మట్టికి ఏటిపాల, తెల్లమద్ది, నేరేడు ఉన్నాయి. గట్టు మీద కానుగ, మేడి. ఊళ్ళో ఇళ్ళకు కాస్త ఎడంగా, తుపాను గాలికి విరిగి కప్పు మీద పడనంత దూరంలో చింత. నాటడం ఒక్క పూట పని, కష్టమంతా ఆ తర్వాతే. మొదటి మూడు వేసవుల్లో ఎవరు నీళ్ళు పోస్తారు, మేకలకు అందకుండా కంప ఎవరు కడతారు, చచ్చిన మొక్క స్థానంలో మళ్ళీ ఎవరు పెడతారు అన్నవి నాటకముందే పంచాయతీలో పేర్లతో సహా రాసుకోవలసిన సంగతులు. చెట్టు పెద్దదై గూళ్ళు పడ్డాక దాని కాయ ఆదాయం పోగొట్టుకునే ఇంటికి ఏమివ్వాలన్నది కూడా అదే కాగితంలో రాసుకోవాలి.